కర్నూలు వడ్రంగి కొట్టంలో చేసే కట్టెల గూడు: 14,500 రూపాయలకు ఏమేం వస్తాయి?

కర్నూలు ఊరిబయట ఒక రేకుల కొట్టంలో వడ్లాయన, ఒక సహాయకుడు కలిసి చేసి అమ్ముతున్న కట్టెల గూడు ఇది. ఇంటి వెనక నీళ్ల కాగు పెట్టుకునేవాళ్లు, కట్టెల పొయ్యి మీదే సంగటి కెలికే హోటళ్లవాళ్లు, దమ్ బిర్యానీ వండేవాళ్లు కొంటున్నారు. మూడు సైజులున్నాయి. నాలుగు అడుగులది 8,500, ఆరడుగులది 14,500, ఎనిమిదడుగుల రెండు అరలది 23,000. ఎక్కువగా పోయేది ఆరడుగులదే కాబట్టి దాన్నే కర్రకు కర్ర కొలిచి లెక్క వేశాం. తేలిన మాట ముందే చెప్పేస్తాం. ధర ఎక్కువేమీ కాదు. ఆ ధరలో కొంత డబ్బు అక్కర్లేని చోట పోతోంది, కావాల్సిన చోట చాలడం లేదు. దాంతో కొన్నవాళ్లకు గూడు అడుగుభాగం తొందరగా దెబ్బతినేలా ఉంది, చేసినవాళ్లకు కూలి తప్ప ఏమీ మిగలడం లేదు.

ముందు గూడు అవసరమా అన్న సంగతి. మన సీమలో వాన తక్కువే. అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, కర్నూలు, కడపల్లో కొంచెం ఎక్కువ. కానీ కురిసినప్పుడు గంటలో దంచి కొడుతుంది. గోడకు ఆనించి నేల మీద పేర్చిన మోపులు కింది నుంచి చెమ్మ పీల్చి, వారం దాకా ఆరవు. పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లే ఉంటాయి. అది 20 శాతానికి దిగితే తప్ప పొగ లేకుండా మండదు. తడి కట్టె వేస్తే వేడిలో కొంత భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, గిన్నెకు మసి మాత్రం మిగులుతుంది. చెదలు పైకెక్కేది కూడా నేలకు తగిలిన వరుస నుంచే. ఇక తేళ్లు, పాముల సంగతి కట్టెలు వాడే ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే గూడు కింద తొమ్మిది అంగుళాల ఖాళీ ఉండాలి. చీపురు దూరాలి, టార్చి వేస్తే అవతలి గోడ కనబడాలి. ఈ కొట్టంవాళ్లు వదిలింది ఐదు అంగుళాలే. చీపురు పట్టదు, పాము పడుతుంది.

గూడు ఆకారం బాగా కుదిరింది. నాలుగు గుంజలు నల్లతుమ్మవి, మూడు అంగుళాల చదరం. ముందు గుంజలు ఆరున్నర అడుగులు, వెనకవి తొమ్మిది అంగుళాలు తక్కువ, కాబట్టి నీళ్లు వెనక్కి జారుతాయి. పక్కలకూ వెనక్కీ మూడంగుళాల వేప పట్టీలు, మధ్య అంగుళంన్నర సందు. సందులు ఇంతకన్నా తగ్గితే గాలి ఆడదు, రెండంగుళాలు దాటితే సన్న పుల్లలు జారిపోతాయి. లోపల చోటు ఐదున్నర అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు, ఐదు అడుగుల ఎత్తు, అంటే 55 ఘనపుటడుగులు. వంకర తిరిగిన ఎండు తుమ్మ పేరిస్తే అడుగుకు 12 కిలోల లెక్కన 650 కిలోలకు పైన పడుతుంది. రోజుకు ఐదు కిలోలు కాల్చే ఇంటికి నాలుగు నెలలు వస్తుంది. రోజుకు 60 కిలోలు కాల్చే హోటలుకు పదకొండు రోజులు. ఇంటివాళ్లకు ఆరడుగులది చాలు. హోటలుకు ఎనిమిదడుగులదే అడగాలి, లేదంటే రెండో వారంలో కట్టెలు మళ్లీ నేల మీదికే వస్తాయి. నాలుగడుగులది అసలు ఎవరికీ సిఫారసు చేయలేం. గుంజలు అవే నాలుగు, కూలి దాదాపు అంతే, పట్టేది మాత్రం చాలా తక్కువ.

కర్ర ఎంపికలో చేయి తిరిగిన పనితనం కనబడుతుంది. గుంజలన్నీ చేవ ఉన్న కర్రే. ముదురు ఎరుపు, గోరు గుచ్చితే దిగదు. పట్టీల్లో మాత్రం మూడింటికి అంచున తెల్లని చార ఉంది. తుమ్మకైనా వేపకైనా పుచ్చు పురుగు ముందు పట్టేది ఆ తెల్ల కర్రనే. అడుగున పిండిలా పొడి రాలుతుంటే పురుగు లోపలికి పోయిందనే అర్థం. వెనకటికి బండి చక్రాలకు వాడే తుమ్మ మొద్దులను కుంటల్లో నెలల తరబడి నానవేసేవాళ్లు. కర్రలోని పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతే పురుగుకు తిండి ఉండదు. ఇప్పుడు కోత మిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టే వాడుతున్నారు కాబట్టి తెల్ల అంచు ఉన్న పట్టీ కనబడితే మార్చమనాలి. అడిగితే ఈ కొట్టంలో మార్చారు, ముఖం చిట్లించలేదు.

ఇక అసలు లోపం అడుగు చట్రంలో ఉంది. వంగి చూస్తే తప్ప తెలియదు. ముందూ వెనకా రెండు పొడుగు కర్రలు, వాటి మధ్య నాలుగు అడ్డకర్రలు, పైన ఆరు పట్టీలు. ఒక్కో అడ్డకర్రను రెండు చివరలా రెండేసి స్క్రూలతో బిగించారు. మొత్తం పదహారు స్క్రూలు, మీద 650 కిలోలు. పైగా అవి సీలింగు బోర్డులకు కొట్టే నల్ల స్క్రూలు. ఇంట్లో పలకలు పట్టి ఉంచడానికి చేసినవి అవి. వంగవు, విరుగుతాయి. నల్లతుమ్మ లాంటి గట్టి కర్రలో ముందుగా రంధ్రం తొలవకుండా మిషన్‌తో దింపితే బిగించేటప్పుడే మెడ దగ్గర సగం తెగిపోయి ఉంటాయి, పైకి మాత్రం తల చక్కగా కూర్చున్నట్టే కనబడుతుంది. ఒక వానాకాలం తుప్పు పడితే మిగతా సగమూ పోతుంది. హోటల్లో కట్టెలను ఎవరూ పువ్వుల్లా పెట్టరు, విసిరేస్తారు. ఆ దెబ్బ తగిలేది ఈ స్క్రూల మీదే.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. బరువును స్క్రూ మోయకూడదు, కర్ర మీద కర్ర కూర్చోవాలి. పొడుగు కర్రకు అర అంగుళం గాడి తీసి అడ్డకర్ర చివరను అందులో దించితే సరి. అంత ఓపిక లేకపోతే కింద రెండంగుళాల ముక్కను ఆనుడుగా బిగించి, దాని మీద అడ్డకర్రను కూర్చోబెట్టినా సరిపోతుంది. కొట్టంలో కాళ్ల కింద దొర్లుతున్న తుక్కు ముక్కలే ఇందుకు చాలు. పొడుగు కర్రలు గుంజలకు కలిసే చోట ఒక్కో బోల్టే ఉంది, అక్కడ రెండు కావాలి. ఒక్క బోల్టు మీద చట్రం కీలులా తిరుగుతుంది, గూడు పక్కకు వాలడం మొదలయ్యేది అక్కడే.

అంతకన్నా మంచి దారి ఈ జిల్లాల్లోనే ఉంది. చెక్క అడుగే తీసేసి బేతంచెర్ల బండలు వేయొచ్చు. కడప బండలైనా సరే. రెండున్నర అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న బండలు రెండు చాలు. గట్టి సిమెంటు ఇటుకలను తొమ్మిది అంగుళాల ఎత్తు వచ్చేలా నిలబెట్టి ఐదు వరుసలు, వరుసకు రెండు పెట్టాలి. అప్పుడు బండకు రెండు చివరలా, నడుమా ఆధారం దొరుకుతుంది. నడుమ ఆధారం మరిచిపోతే కట్టెలు విసిరిన రోజే బండ రెండుగా చీలుతుంది. బండల మధ్య అంగుళం సందు వదిలి, మీద రెండు తిన్నని తుమ్మ కర్రలు పొడుగునా పరచి, వాటి మీద కట్టెలు పేర్చాలి. ఆ రెండు కర్రలకు పుచ్చు పడితే పొయ్యిలో వేసేసి కొత్తవి పరుచుకోవచ్చు. కట్టెల బరువంతా బండల మీదుగా నేలకు పోతుంది, చట్రానికి సంబంధం ఉండదు. గుంజలు నాలుగూ చిన్న బండ ముక్కల మీద నిలబడితే చెదలకు తోవ దొరకదు. చెద దారి మట్టి గీతలా బండ మీద కనబడుతుంది, చూసిన రోజే గీకేయొచ్చు. ఇలా చేస్తే గూడులో కర్ర ఒక సీఎఫ్టీ (ఘనపుటడుగు) తగ్గుతుంది. బండలకూ ఇటుకలకూ కొన్నవాళ్లకు ఆరేడు వందలవుతుంది.

పైకప్పు రంగు రేకు. మేకులు కాకుండా రబ్బరు వాషరున్న స్క్రూలు వాడారు, అది మంచి పని. కానీ మూడు రేకులు వేశారు, ఇక్కడే డబ్బు వృథా. రేకు వెడల్పు మూడున్నర అడుగులు. ఒకదాని మీద ఒకటి ఎక్కించాక రెండు రేకులకు ఆరున్నర అడుగులు వస్తుంది. ఆరడుగుల గూడుకు అటూ ఇటూ మూడేసి అంగుళాల చూరే మిగులుతుందని మూడో రేకు కోసి అతికించారు. గూడు బయటి వెడల్పు ఐదున్నర అడుగులకు తగ్గిస్తే రెండు రేకులతోనే ఆరేసి అంగుళాల చూరు వస్తుంది. పోయేది 60 కిలోల చోటు. మిగిలేది ఒక రేకు, ఒక అతుకు. వాన కారేది అతుకుల దగ్గరే.

వార్నిష్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కొట్టంలో మెరుస్తుంటే చూడముచ్చటగానే ఉంది. మన మే నెల ఎండకు ఆరుబయట ఏ వార్నిష్ అయినా పెచ్చులూడుతుంది. ఊడిన చోట నీళ్లు దిగి, మిగిలిన పొర కింద చెమ్మ నిలుస్తుంది. ఏమీ పూయని చేవ కర్ర దీనికన్నా నయం. అవిసె నూనె రెండు పూతలు చాలు, రెండేళ్లకొకసారి మళ్లీ గుడ్డతో రుద్దుకోవచ్చు. వాడేసిన ఇంజన్ ఆయిలు పూయమని కొందరు అడుగుతారు. గుంజల అడుగున అర అడుగు వరకే అది. చెద మందు మాత్రం కట్టెలకు తగిలే పట్టీలకు ఎప్పుడూ కొట్టకూడదు. ఆ మందు కట్టెలకు అంటి, పొయ్యిలో పొగై, రొట్టె కాల్చేవాళ్ల ముక్కులోకే పోతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు కొట్టంలోనూ కలప డిపోలోనూ చెప్పినవి, మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే. కర్ర వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగించి, పొడవు అడుగులతో గుణిస్తే సీఎఫ్టీ వస్తుంది. నాలుగు గుంజలూ కలిపి 24న్నర అడుగులు, అంటే 1.53 సీఎఫ్టీ. ఇలా అన్నీ కలిపితే 5.75. ముడులు, పగుళ్లు, కోత తరుగు 15 శాతం కలిపితే 6.6. సీఎఫ్టీ 900 చొప్పున 5,940. మూడు రేకులు 1,420. బోల్టులు, స్క్రూలు 740. వడ్లాయనకు రోజుకు వెయ్యి, సహాయకుడికి 700, రెండు రోజులకు 3,400. కరెంటు, రంపం పళ్లు, గరుకు కాగితం 300. వార్నిష్ 600. మొత్తం 12,400. ఊళ్లోకి ట్రాలీ ఆటో 600 కూడా కొట్టంవాళ్లే పెట్టుకుంటున్నారు. అంటే 13,000 అయ్యింది. 14,500 చెప్పిన చోట బేరంలో వెయ్యి తగ్గిస్తే మిగిలేది 500. అందులోంచే కొట్టం అద్దె, అమ్ముడుపోని గూడు ఖర్చు, వెనక్కి వచ్చిన గూడు బాగుచేత. ఇది వ్యాపారం కాదు, తన కూలి తానే ఇచ్చుకోవడం. తరుగు, రవాణా, బేరంలో పోయేది, ఈ మూడూ ధరలో కలపకుండా "కర్ర ఇంత, కూలి ఇంత, పైన వెయ్యి" అని చెప్పేయడం వల్ల వచ్చిన తిప్పలివి.

అదే గూడును పైన చెప్పినట్టు మార్చి చేస్తే ఎలా ఉంటుందో చూడండి. చెక్క అడుగు లేదు కాబట్టి కర్ర 5.5 సీఎఫ్టీ, 4,950. రెండు రేకులు 945. బోల్టులు పెరిగాయి కాబట్టి 860. కూలి అదే 3,400. చిల్లర 300, అవిసె నూనె 350. మొత్తం 10,805, ఆటోతో 11,405. అదే 14,500కు అమ్మితే మూడు వేల పైన మిగులుతుంది. బేరంలో వెయ్యి పోయినా రెండు వేలు చేతిలో ఉంటాయి. కొన్నవాళ్లకు అంతకన్నా గట్టి గూడు వస్తుంది. ధర తగ్గించమని మేం అడగడం లేదు. ఆ ధరలో ఏం పెట్టారన్నదే మా పేచీ.

కూలి ఖర్చు తగ్గించుకునే మార్గం కూడా ఉంది. ఒక్కొక్కటి విడిగా కాకుండా ఐదు గూళ్లకు సరిపడా పట్టీలు ఒకేసారి కోసి, పక్క తడికలకు నేల మీద ఒక అచ్చు బిగించుకుంటే ఒక్కో గూడుకు ఒకటిన్నర రోజు చాలు. అప్పుడు ఒక్కోదాని మీద 850 మిగులుతుంది. ఐదింటికి కావాల్సిన కర్ర ఒకేసారి కొనాలి, అదే అడ్డు. వడ్రంగం ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో ఒకటి. 2023లో మొదలైన ఆ పథకంలో పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు ఉన్నాయి. ఐదారు గూళ్ల కర్రకు అందులో కొంత సరిపోతుంది.

పన్ను విషయం కూడా ధరలో దాగి ఉంది. కోసిన కలప మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్టానికి అది వెనక్కి రాదు కాబట్టి కర్ర ఖర్చులో భాగంగానే లెక్కేయాలి. పన్ను లేని ధర చెప్పి, తర్వాత బిల్లు చూసి నాలుక కరుచుకునేవాళ్లు ఎక్కువ. మన రాష్ట్రంలో వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ తుంగభద్ర దాటి గద్వాలకో, అనంతపురం నుంచి బళ్లారికో అమ్మితే ఆ వెసులుబాటు వర్తించదు, పక్క రాష్ట్రానికి అమ్మేవాళ్లు నమోదు కావాల్సిందే. కోత మిల్లు బిల్లు కూడా బండిలో ఉంచుకోవాలి. తోవలో కర్ర ఎక్కడిదని అడిగితే నోటిమాట చెల్లదు.

అమ్మే తీరులో ఈ కొట్టంవాళ్లు సగం మార్కులే తెచ్చుకుంటారు. వాట్సాప్‌లో పంపే ఫొటోలో ఖాళీ గూడు నిగనిగలాడుతుంటుంది, పక్కన కొలత టేపు ఉండదు, కట్టెలు ఉండవు. చూసినవాళ్లకు అది పాత బీరువా చట్రంలా అనిపిస్తుంది. నిండా కట్టెలు పేర్చి, పక్కన టేపు నిలబెట్టి తీసిన ఒక్క ఫొటో చాలు. అడుగుల లెక్క కన్నా "మీ ఇంటికి నాలుగు నెలల కట్టెలు పడతాయి" అన్న మాట త్వరగా ఎక్కుతుంది. దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ పొయ్యికి కట్టె ఎంత పొడుగు కొట్టిస్తారు? కాగుకు అడుగున్నర, హోటలు పొయ్యికి రెండున్నర దాకా. రెండు అడుగుల లోతు గూడులో రెండున్నర అడుగుల కట్టె పెడితే అర అడుగు బయటికి పొడుచుకొచ్చి, వానంతా ఆ కొసలకే కొడుతుంది. ఆ ప్రశ్న కొట్టంలో ఎవరూ అడగలేదు. వాస్తు అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లకు ఆగ్నేయ మూల చెప్పొచ్చు. గూడు ముఖం దక్షిణానికి తిప్పితే నైరుతి గాలివానకు నేరుగా ఎదురు కాకుండా, చలికాలపు ఎండ లోపలిదాకా తగులుతుంది.

ఇనుపదానితో పోలిక తప్పదు. వెల్డింగ్ షాపులో ఇదే కొలతకు యాంగిల్, పట్టీ కలిపి 80 కిలోలు పడుతుంది. కిలో 110 చొప్పున చేసిస్తే 8,800, రేకులతో పది వేలు దాటుతుంది. చెక్క గూడు కన్నా నాలుగు వేలు తక్కువ, చెద పట్టదు. రోజూ కట్టెలు విసిరేసే హోటలుకు ఇనుపదే మేలని మా అభిప్రాయం. ఇంటికైతే చెక్కది. బోల్టులు విప్పి మేడ మీదికి మార్చుకోవచ్చు, విరిగిన పట్టీని ఏ వడ్లాయనైనా గంటలో మారుస్తాడు, మే నెలలో మధ్యాహ్నం పూట చేయి తగిలినా కాలదు. ఈ తేడా చెప్పి అమ్మితే నాలుగు వేలు ఎక్కువ ఎందుకని ఎవరూ అడగరు.

ఆర్డరు ఇచ్చేవాళ్లు సగం డబ్బు అడ్వాన్సు ఇచ్చి, చీటీలో కొలతలతో పాటు ఇవి రాయించుకోండి. బయటి వెడల్పు ఐదున్నర, లోతు మీ కట్టె పొడుగుకు రెండంగుళాలు ఎక్కువ, కింద తొమ్మిది అంగుళాల ఖాళీ, కర్రలు గుంజకు కలిసే ప్రతి చోటా రెండేసి 10 ఎంఎం బోల్టులు వాషర్లతో, నల్ల స్క్రూలు బదులు జింకు పూసినవి, వార్నిష్ వద్దు. గూడు విప్పిన ముక్కలుగా తెచ్చి మీ దొడ్లోనే బిగించమనండి. బిగించిన గూడును ఆటోలో పడుకోబెట్టి తెస్తే తోవలోనే కీళ్లు వదులవుతాయి. ఈ కర్ర పూర్తిగా ఆరినది కాదు, మొదటి ఎండాకాలానికి మూడంగుళాల కర్ర అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది, బోల్టులన్నీ అంత మేరకు వదులవుతాయి. జూన్‌లో తొలి వాన పడేలోగా కట్టెలు తగ్గినప్పుడు చూసి, 17 నంబరు స్పానరుతో అన్నీ మరో చుట్టు బిగించుకోవాలి.